కూర్చునే గంటలు, కదిలే నిమిషాలు: షుగర్ గురించి కొన్ని అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో జనరల్ ఫిజీషియన్‌గా నేను రోజూ చూసేవాళ్లలో షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), పొట్ట అన్నీ కలిసి ఉన్నవాళ్లే ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది, షుగర్ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది. మాత్రల గురించి అందరూ అడుగుతారు. రోజులో ఎన్ని గంటలు కూర్చుంటున్నారో నేనే అడగాల్సి వస్తుంది. అప్పుడు వినబడే జవాబులే ఈ అపోహలు.

అపోహ: "పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండులో నడుస్తాను మేడం, ఇంక రోజంతా గల్లా దగ్గర కూర్చున్నా ఏం కాదు."

వాస్తవం: ఆ నడక మానొద్దు. కానీ అరగంట నడిచి పది గంటలు కుర్చీలో ఉంటే లెక్క సరిపోదు. అన్నం తిన్నాక రక్తంలోకి చేరే చక్కెరలో పెద్ద వాటా కండరాలే తీసుకోవాలి. కదిలే కండరం ఇన్సులిన్ (చక్కెరను కణాల్లోకి పంపే హార్మోన్) కోసం ఎదురుచూడకుండానే చక్కెరను లోపలికి తీసుకుంటుంది. కదలకుండా ఉంటే భారమంతా ఇన్సులిన్ మీదే పడుతుంది. రక్తంలోని కొవ్వును విడగొట్టే ఎంజైమ్ కూడా, కాళ్లు గంటల తరబడి ఊరికే ఉంటే మందగిస్తుంది.

2012లో ఆస్ట్రేలియాలో అధిక బరువున్న పెద్దవాళ్లకు తీపి పానీయం ఇచ్చి గంటల కొద్దీ కూర్చోబెట్టి చూశారు. 20 నిమిషాలకోసారి లేచి 2 నిమిషాలు నడిచిన రోజున వాళ్లకు చక్కెర, ఇన్సులిన్ రెండూ తక్కువగా పెరిగాయి. 2016లో పది లక్షల మందికి పైగా సమాచారంతో వచ్చిన విశ్లేషణ ఇంకో సంగతి చెప్పింది: రోజుకు 8 గంటలకు మించి కూర్చునేవాళ్లలో ఎక్కువగా కనిపించే మరణాల ముప్పు, రోజూ 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడిచేవాళ్లలో దాదాపు కనిపించలేదు. అంతసేపు నడిచే వీలు ఎంతమందికి ఉంది? లేనివాళ్లకు మధ్యమధ్యలో లేవడమే దారి. మధ్యాహ్నం సంగటో అన్నమో తిన్న వెంటనే పడుకోకుండా పది నిమిషాలు నడవండి. నేను ఇచ్చే సలహాల్లో ఖర్చు లేనిదీ, గ్లూకోమీటర్‌లో ఫలితం మీ కళ్లకే కనబడేదీ ఇదే.

ఆర్టీసీ డ్రైవర్లకు ఈ మాట మరీ మరీ చెబుతాను. 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించింది. స్టీరింగ్ దగ్గర కూర్చునే డ్రైవర్ల కంటే డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని తేలింది. కొండకు ట్రిప్పు వేసి వచ్చాక, బస్సు స్టాండులో ఆగినంతసేపూ సీటులోనే ఉండకండి అన్నా.

అపోహ: "నేను సన్నగానే ఉన్నాను, నాకెందుకు షుగర్ వస్తుంది?"

వాస్తవం: మనవాళ్లలో చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ఉండడం మామూలే. తూకం యంత్రం కంటే టేపు నయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పరీక్షలు చేయించుకోండి.

అపోహ: "పదివేల అడుగులు వేయలేకపోతే దండగ."

వాస్తవం: ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరంతో ప్రచారంలోకి వచ్చింది. 60 దాటినవాళ్లకు 6,000 నుంచి 8,000 అడుగుల దగ్గరే లాభం చాలావరకు అందుతుంది. 2,000 వేసేవాళ్లు 4,000కు వచ్చినా మేలే.

అపోహ: "ఇంటిపనంతా నేనే చేస్తాను, వేరే వ్యాయామం ఎందుకు?"

వాస్తవం: ఇంటిపని లెక్కలోకి వస్తుంది, కూర్చునే సమయాన్ని తగ్గిస్తుంది. అయితే మాట్లాడగలిగి, పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగే పని వారానికి 150 నిమిషాలైనా ఉండాలి. వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామమూ కావాలి. దానికి జిమ్ అక్కర్లేదు. కాణిపాకంలో వినాయకుడి ముందు తీసే గుంజీళ్లు ఇంట్లోనూ తీయొచ్చు. మోకాళ్లు నొప్పైతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి.

అపోహ: "నెలనెలా కొండకు నడిచే పోతాను, అది చాలదా?"

వాస్తవం: అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కడం మామూలు శ్రమ కాదు, అది చేయగలగడం సంతోషమే. కానీ ఒకసారి శ్రమపడితే ఇన్సులిన్ బాగా పనిచేసేది ఒకటి నుంచి మూడు రోజుల వరకే. అందుకే వరసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వొద్దంటాం. నెలలో మిగతా రోజులకు ఆ మెట్ల ఫలం ఒంట్లో నిలవదు.

షుగర్ ఉన్నవాళ్లు కొండ ఎక్కేముందు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు, చక్కెర మరీ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ పొడో చక్కెరో ఉంచుకోండి. చెమటలు, వణుకు, తల తిరగడం మొదలైతే వెంటనే ఆగి తీసుకోండి. ఎక్కేటప్పుడు ఛాతీ బరువెక్కితే అక్కడే కూర్చుని సాయం అడగండి. తొలి మెట్టు దగ్గరే చెప్పులు వదిలే ఆచారం చాలామందికి ఉంది. పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఉన్నవాళ్లు మాత్రం మొక్కు ఉన్నా ముందు డాక్టరుకు పాదాలు చూపించుకోండి. చిన్న రాయి గుచ్చుకున్నా వాళ్లకు తెలియదు. పైకి చేరాక పాదాలు కడిగి, తుడిచి, అరికాళ్లూ వేళ్ల సందులూ పక్కవాళ్లచేత చూపించుకోండి. బొబ్బ కనబడితే చిదమొద్దు. శుభ్రమైన గుడ్డ కట్టుకుని, దిగేటప్పుడు బస్సెక్కండి.