ఎల్‌శాట్ పారడాక్స్ ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

"సార్, ఆ ఆప్షన్‌లో చెప్పిన సంగతి పేరాలో ఎక్కడా లేదు. అందుకే కొట్టేశాను." అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌కు చదివేవాళ్ల దగ్గర నేను తరచూ వినే మాట ఇది. పైకి పొసగనట్టు కనిపించే రెండు వాస్తవాలను పేరాలో ఇచ్చి, ఆ చిక్కు విప్పే ఆప్షన్ ఏదని అడిగేవే పారడాక్స్ ప్రశ్నలు. లాజికల్ రీజనింగ్‌లో ఇవి తప్పేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: పేరాలో లేని కొత్త విషయం జవాబు కాదు.

వాస్తవం: ఆ కొత్త విషయమే జవాబు! పేరాను బట్టి ఏం తేలుతుందని అడిగే ఇన్ఫరెన్స్ ప్రశ్నలకు నేర్చుకున్న నియమాన్ని తెచ్చి వీటికి తగిలించడం వల్ల వచ్చిన తంటా ఇది. అక్కడ పేరా దాటితే తప్పు, ఇక్కడ దాటకపోతే దారే లేదు. 'కింది వాటిలో ఏది నిజమైతే' అని ప్రశ్నే చెబుతోంది. అంటే ఐదు ఆప్షన్లనూ నిజమని ముందే ఒప్పుకోవాలి. వాటిలో దేనివల్ల రెండు వాస్తవాలూ ఒకదానితో ఒకటి పొసుగుతాయన్నదే తేల్చాలి.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1973లో నిజంగా జరిగినదాన్నే ప్రశ్నగా మార్చి నేను క్లాసులో ఇస్తుంటాను. పీజీ కోర్సులకు దరఖాస్తు చేసిన పురుషుల్లో సుమారు 44 శాతం మందికి ప్రవేశం దొరికింది, మహిళల్లో 35 శాతం మందికే. శాఖలవారీగా చూస్తే మాత్రం చాలా శాఖల్లో మహిళలకు అన్యాయం కనబడలేదు. ఎలా?

'పురుషుల దరఖాస్తులు దాదాపు రెట్టింపు' అన్న ఆప్షన్ ఊరిస్తుంది. అడిగింది శాతాల సంగతి, సంఖ్యతో పనేముంది? 'మహిళల మార్కులు తక్కువ' అంటే మొత్తం మీది తేడాకు కారణం దొరుకుతుంది, కానీ అప్పుడు శాఖల్లోనూ ఆ తేడా కనబడాలి కదా! 'ఎక్కువమందిని తిరస్కరించే శాఖలకే మహిళలు ఎక్కువగా దరఖాస్తు చేశారు', ఇదీ జవాబు. నిజంగా జరిగిందీ అదే.

డాలస్‌లో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు చదువుకునే ఒకమ్మాయి సరిగ్గా దీన్నే కొట్టేసింది. "శాఖల్లో పోటీ గురించి పేరాలో లేదు కదా సార్" అంది. "ఉంటే ఇక చిక్కెక్కడిదమ్మా?" అన్నాను. తర్వాత పాత టెస్టుల్లో తప్పిన పారడాక్స్ ప్రశ్నలన్నీ తిరగేస్తే, చాలావాటిలో సరైన జవాబు దాకా వెళ్లి మరీ వదిలేసింది. 'నాకు లాజిక్ రాదేమో' అని అన్నాళ్లూ కుమిలిపోయింది పాపం. 'కొత్త పదం కనిపిస్తే కొట్టేయండి' అనే చిట్కాను వాట్సాప్ గ్రూపుల్లో పంచేవాళ్లు దయచేసి ఆపండి. ఆ ముక్క వల్ల నష్టపోతున్నది బాగా చదివే పిల్లలే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. రెండు వాస్తవాల్లో ఒకటి అబద్ధమని నిరూపించాలనుకోకండి, రెండూ నిజమే. చట్టాలేవీ తెలియనక్కర్లేదు. 2024 ఆగస్టులో లాజిక్ గేమ్స్ అనే పజిళ్ల సెక్షన్ తీసేశాక పరీక్షంతా పారడాక్స్ ప్రశ్నలేనన్నది ఉత్త పుకారు. లెక్కలోకి వచ్చే లాజికల్ రీజనింగ్ సెక్షన్లు రెండయ్యాయి, అంతే. సెక్షనుకు పాతిక దాకా ప్రశ్నలుంటే, వీటి వంతు సాధారణంగా ఒకటో రెండో.

'ఒక్కటి తప్ప అన్నీ' అనే రకంలో మాత్రం జాగ్రత్త. అక్కడ నాలుగు ఆప్షన్లు చిక్కు విప్పుతాయి, విప్పనిదే జవాబు. క్లాట్, జేఈఈ అలవాటుతో అనుమానం వచ్చిన ప్రశ్నను ఖాళీగా వదిలేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎల్‌శాట్‌లో నెగటివ్ మార్కులు లేవు. సెక్షనుకిచ్చే 35 నిమిషాలు ముగిసేలోపు ప్రతి ప్రశ్నకూ ఏదో ఒకటి గుర్తించండి.