ఇంట్లో పసిపిల్లలకు జరిగే ప్రమాదాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: తల్లి జాగ్రత్తగా ఉంటే చాలు.

వంట, నీళ్లు, బట్టలు ఒక్క మనిషే చూసుకునే ఇంట్లో బిడ్డ మీంచి చూపు తిప్పకుండా ఉండటం ఎవరివల్లా కాదు. మార్చాల్సింది ఇంటిని. చిన్నపిల్లల గృహసందర్శనల కింద ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలప్పుడు వస్తుంది. ఆరో నెలలో, బిడ్డ పాకకముందే, నేలమీద కూర్చుని ఆ ఎత్తు నుంచి ఇల్లంతా చూడాలి. మంచం కింద చీమల మందు, వేలాడే వైరు, బల్ల అంచున టీ గ్లాసు అప్పుడే కంటపడతాయి. "జాగ్రత్తమ్మా" అని చెప్పి వచ్చేస్తే లాభం లేదు. చీమల మందు పై అరలోకి ఎక్కాకే గడప దాటాలి.

అపోహ: బకెట్లో పడితే ఏడుస్తాడు, వినబడుతుంది.

ఏడవడు. ఏడాది పిల్లలకు తల బరువెక్కువ. తొంగిచూస్తే తలకిందులుగా పడతారు, మళ్లీ లేవలేరు. ముక్కూ నోరూ మునిగితే చాలు, అరుపు రాదు. అందుకు 5 సెంటీమీటర్ల నీళ్లు సరిపోతాయి. విశాఖ కొండవాలు కాలనీల్లో కుళాయి వచ్చినప్పుడే అన్నీ నింపుకోవాలి, కాబట్టి "నీళ్లు ఉంచొద్దు" అనడం అన్యాయం. డ్రమ్ముకి బిగుతు మూత పెట్టి తాడుతో కట్టాలి, ఖాళీ బకెట్ బోర్లించాలి, బాత్రూం తలుపుకి బయట, పెద్దల ఎత్తులో గడియ బిగించాలి.

అపోహ: కాలితే టూత్‌పేస్ట్ లేదా పసుపు రాయాలి.

అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, డాక్టరుకి గాయం కనబడనివ్వవు. గంజి ఒలికినా, సాంబారు మీద పడినా గాజులు, మొలతాడు, తడిసిన బట్టలు తీసేయాలి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగొద్దు. 20 నిమిషాలు మామూలు నీళ్లు పొయ్యాలి. కుళాయి రాకపోతే డ్రమ్ములోంచి చెంబుతో పోస్తూనే ఉండండి. ఐసు వద్దు, బొబ్బ చిదమొద్దు. మిగతా ఒళ్లు చలిపెట్టకుండా కప్పాలి. బిడ్డ అరచెయ్యంత కాలినా, ముఖం, చేతులు, మర్మాంగాలు కాలినా ఆసుపత్రికే.

అపోహ: కిరసనాయిలు తాగితే ఉప్పునీళ్లతో కక్కించాలి.

కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాత్రూం యాసిడ్ అయితే గొంతును రెండోసారి కాలుస్తుంది. ఏమీ తాగించకుండా, సీసాతో సహా 108లో తీసుకెళ్లండి. కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్ పోసి ఉంచడమే ఇక్కడ అసలు ప్రమాదం.

అపోహ: వాకర్‌తో త్వరగా నడుస్తారు.

నడక దానితో రాదు. మెట్లున్న ఇంట్లో అసలు వద్దు.

అపోహ: మింగిన బటన్ సెల్ (రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బొత్తాంలాంటి చిన్న బ్యాటరీ) మర్నాడు దానంతటదే పోతుంది.

గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడన్న అనుమానం వచ్చినా సరే, అప్పుడే ఎక్స్‌రే తీయించాలి. రిమోట్ మూతకి స్క్రూ లేకపోతే గట్టి టేపు చుట్టండి.