ఏ నరం తెగింది?

సెలైన్ ఎక్కించేటప్పుడు నరం దొరకలేదంటాం. అది రక్తనాళం. వేలు మొద్దుబారితే నరం దెబ్బతిందంటాం. అది స్పర్శను మెదడుకు చేర్చే నాడి. మాటల్లో ఈ రెండూ కలిసిపోయినా ఫరవాలేదు కానీ, గాయం దగ్గర కలిసిపోతే వేలికే నష్టం.

గ్లాసు తోముతుంటే పగిలి, చూపుడువేలు అరచేతి వైపు తెగిందనుకోండి. అందరి కళ్ళూ రక్తం మీదే. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచితే చాలావరకు ఆగుతుంది. వేలికి రెండు పక్కలా రెండు ధమనులుంటాయి, ఒకటి తెగినా సాధారణంగా రెండోది వేలిని బతికిస్తుంది. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రబడాలి. వేలు పాలిపోయి చల్లబడితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

నాడి సంగతి వేరు. వేలిలో అది ధమని కంటే అరచేతి వైపుకు, దాన్ని ఆనుకునే ఉంటుంది. అటు నుంచి దిగిన గాజు ధమనిని తెగ్గోసిందంటే ముందు నాడిని దాటే వచ్చి ఉండాలి. అందుకే రక్తం ఆగింది కదా అని కుట్లు వేసి పంపించేయడం నాకు భయమేస్తుంది. మత్తు ఇంజెక్షన్‌కు ముందే స్పర్శ చూడాలి, తర్వాత చూసి లాభం లేదు. పేపర్ క్లిప్ విప్పి, రెండు మొనలూ 6 మిల్లీమీటర్ల దూరంలో ఆనిస్తే, బాగున్న వేలికొస రెండని చెప్పగలదు.

చిన్నపిల్లలు చెప్పలేరు. గాయం మానాక అనుమానం మిగిలితే చెయ్యి గోరువెచ్చని నీళ్ళలో అరగంట ఉంచుతారు. మామూలు వేళ్ళు ముడతలు పడతాయి, నాడి తెగిన వేలు నున్నగానే ఉంటుంది. ఆ ముడతలు నాడి ఆజ్ఞతో రక్తనాళాలు కుంచించుకోవడం వల్ల వస్తాయి. ఈ పరీక్షను 1973లో ఓరియెన్ అనే సర్జన్ వెల్లడించారు. నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఇది.

తెగిన నాడిని మైక్రోస్కోపు కింద, వెంట్రుక కంటే సన్నని దారంతో కలుపుతారు. మధ్యలో ఖాళీ ఉంటే పిక్క నుంచి నాడి ముక్క తెచ్చి అతుకుతారు. అయినా స్పర్శ వెంటనే రాదు. గాయానికి అవతలి భాగంలోని పోగులు నశిస్తాయి, కొత్తవి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. మణికట్టు దగ్గర తెగితే వేలికొసకు చేరడానికి ఆరు నెలలైనా పడుతుంది. ఈలోగా వేడి గిన్నె తగిలినా తెలియదు, బొబ్బ లేచాకే కనిపిస్తుంది. పెరుగుతున్న పోగుల కొసపై వేలితో తడితే జివ్వుమంటుంది. ఆ చోట పెన్నుతో చుక్క పెట్టి నెల తర్వాత మళ్ళీ తడితే, జివ్వుమనే చోటు ఆ చుక్కను దాటి వేలికొస వైపు జరిగి ఉంటుంది.