తమ చేలో తామే తవ్విన గుంతలు

వానలు మొదలయ్యాయంటే చాలు, ఆదిలాబాద్, ఆసిఫాబాద్, కొత్తగూడెం, ములుగు వైపు నుంచి ఒకే వార్త ఊరి పేరు మార్చుకుని వస్తుంది. అడవి కొట్టి చేసుకున్న పోడు చేలో విత్తనం పెట్టాలని రైతు, మొక్కలు నాటాలని అటవీ సిబ్బంది. మధ్యలో జేసీబీ, కందకం, పోలీసులు. ఇప్పుడు ఆ గొడవకు సోలార్ పంపు తోడైంది.

2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇందిరా సౌర గిరి జల వికాసం పథకం మొదలుపెట్టారు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన గిరిజన భూముల్లో బోరు వేసి, సోలార్ పంపు బిగించి, పండ్ల తోటలు పెట్టిస్తారు. ఐదేళ్లలో 12,600 కోట్ల రూపాయలు, 6 లక్షల ఎకరాలు, 2.10 లక్షల మంది రైతులు అన్నది లెక్క. పథకం మంచిదే. కరెంటు స్తంభాలు అడవి దాటి రావాలంటే మళ్లీ అనుమతుల తలనొప్పి, సోలార్‌తో అది తప్పుతుంది. రెండు వారాలు వాన ముఖం చాటేస్తే పత్తి మొలక మాడిపోయే చేలవి. అక్కడ ఒక్క తడి అందితే పంట దక్కినట్టే.

కాకపోతే పట్టా ఉండాలి. గట్టుకు ఇవతల పట్టా ఉన్న చేనుకు పంపు వస్తుంది. అవతల పట్టా లేని చేనుకు వచ్చేది అటవీ శాఖ మొక్క. ఆ రెండు చేలూ ఒకే ఇంటి అన్నదమ్ములవి అనుకోండి. అన్నకు పట్టా వచ్చి తమ్ముడికి ఎందుకు రాలేదు?

నిజాం కాలంలో గీసిన రిజర్వు ఫారెస్టు గీతలు, కొమురం భీం పోరు, ఇంద్రవెల్లి కాల్పులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు తెలిసి ఈ ముడి పడింది 1992 తర్వాతి పదేళ్లలో. అదీ పెద్దగా లాఠీ లేవకుండా, కూలి డబ్బులిచ్చి మరీ.

ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. ఊరూరా వన సంరక్షణ సమితి పెట్టారు. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. 2002లో ఇంకో విడత వచ్చేనాటికి సమితులు ఏడు వేలు దాటాయి. క్షీణించిన అడవిని ఊరి చేతనే బాగు చేయించాలన్నది ఆలోచన. మరి ఎక్కడ బాగు చేయాలి? దట్టమైన అడవిలో కొత్తగా నాటే పనేమీ ఉండదు. ఖాళీగా కనబడేది పోడు చేలే.

ఊళ్లో మీటింగు పెట్టి, సూక్ష్మ ప్రణాళిక అని ఒక పుస్తకం తయారుచేసేవారు. ఎన్ని హెక్టార్లు, ఏ మొక్క, ఏ ఏడాది ఏ పని, అంతా అందులో ఉండేది. వాలుకు అడ్డంగా కాంటూరు కందకాలు తవ్వారు, వాగులకు రాతి కట్టలు వేశారు. వరసలుగా గుంతలు తీసి నీలగిరి, టేకు, వెదురు నాటారు. దానితో కొట్టుకుపోయే మట్టి నిలిచిందని అటవీ శాఖ చెప్పే మాటను నేను కాదనను. కానీ ఆ గుంతలు తవ్వింది నిన్నటిదాకా ఆ చేను దున్నుకున్నవాళ్లే. వారానికింత అని కూలి ముట్టింది. చెట్లు ఎదిగాక కలపలో వాటా మీదేనన్నారు. సమితి బ్యాంకు ఖాతా మాత్రం అధ్యక్షుడిదీ అటవీ ఉద్యోగిదీ కలిపి ఉమ్మడిగా తెరిచారు. రెండో సంతకం పడందే రూపాయి కదలదు.

అన్న ఈ మీటింగుల జోలికి పోలేదు. దున్నుతూనే ఉన్నాడు, పట్టుబడినప్పుడల్లా జరిమానా కట్టాడు. తమ్ముడు సర్కారు మాట విన్నాడు.

తర్వాత అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2006 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది, 2008 జనవరి 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. బిల్లును సభలో పెట్టిన 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉండాలన్నది షరతు. ఆ రోజున తమ్ముడి చేలో నీలగిరి నిలబడి ఉంది. ఉపగ్రహ చిత్రంలో అదీ అడవిలాగే పచ్చగా పడుతుంది. అన్న దాచుకున్న జరిమానా రసీదు మాత్రం అతని సాగుకు సాక్ష్యమైంది. తప్పు చేశావని ఇచ్చిన కాగితమే హక్కు తెచ్చిపెట్టింది! ఊరుమ్మడి హక్కు పత్రాల సంగతి ఇంకా చిత్రం. గ్రామసభకు ఇవ్వాల్సినవాటిని తొలి రోజుల్లో చాలాచోట్ల ఈ వన సంరక్షణ సమితుల పేరు మీదే రాసిచ్చారు.

2015 జూలై 3న చిలుకూరులో సర్కారు మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు, 24 శాతం పచ్చదనాన్ని 33 శాతానికి తేవాలన్న లక్ష్యం. టార్గెట్ పడ్డాక బీటు ఆఫీసర్‌కు ఖాళీ జాగా కావాలి. మళ్లీ చూపు పోడు మీదే పడింది. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజి అధికారిణిని కర్రలతో కొట్టిన వీడియో దేశమంతా చూసింది. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ప్లాంటేషన్ విషయంలోనే ఒక రేంజి అధికారి హత్యకు గురయ్యారు. పై నుంచి వచ్చిన టార్గెట్‌కు కింది ఉద్యోగి ప్రాణం పోయింది.

2005 తర్వాత నరికిన అడవిని కూడా పాత పోడని చూపిస్తున్నారని అటవీ శాఖ అంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద సల్వాజుడుం దాడులు మొదలయ్యాక ఇటు వచ్చిన గుత్తికోయ గిరిజనుల విషయంలో ఆ తేదీ సమస్య ఉన్నది నిజమే. తమ్ముడిది ఆ కేసు కాదు. అతని చేను 2005 కన్నా చాలా పాతది.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పట్టాలు పంచారు. అంతకుముందు వచ్చిన దరఖాస్తులు 4 లక్షల పైమాటే. మిగిలినవాళ్లంతా ఇప్పుడు సోలార్ పంపు జాబితాకు బయట ఉన్నారు.

చట్టంలో తమ్ముడికి దారి లేకపోలేదు. 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం ఇవ్వకుండా అక్రమంగా తొలగించిన వాళ్లకు అక్కడే గానీ వేరేచోట గానీ భూమి చూపాలని సెక్షన్ 3(1)(ఎం) చెబుతుంది. కూలి ఇచ్చి మొక్కలు నాటించడం తొలగించడం కిందికి వస్తుందా అన్నదే తేలాలి. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడుగానే గానీ వాటి బదులుగా పనికిరాదని కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2012లోనే చెప్పింది. సాక్ష్యాల నిబంధనలో ఊరి పెద్దల వాంగ్మూలం, గట్లు, బావులతో పాటు అటవీ శాఖ సూక్ష్మ ప్రణాళికలు కూడా ఉన్నాయి. ఏ హెక్టార్లలో మొక్కలు పెట్టారో ఆ పుస్తకంలో ఉంటుంది. అంతకుముందు అక్కడ ఏమి పండేదో కూడా రాసి ఉంటే తమ్ముడికి అదే పెద్ద ఆధారం. దాని కాపీ కోసం అతను వెళ్లాల్సింది మాత్రం రేంజి ఆఫీసుకే.