రిజర్వాయర్ ఒడ్డు భూములు: అపోహలు - వాస్తవాలు

సాగునీటి ప్రాజెక్టుల చుట్టూ ఉన్న ప్రభుత్వ భూముల్లో జనం ఎక్కడ తిరగాలి, పక్షులకూ పశువులకూ ఎక్కడ వదిలేయాలి అని ప్లాన్లు రాయడం నా పని. ఉండేది అనంతపురంలో. తిరిగేది పీఏబీఆర్ (పెన్నా అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్) నుంచి శ్రీశైలం బ్యాక్‌వాటర్ దాకా, అటు గండికోట, బ్రహ్మంసాగర్ దాకా. ఆఫీసులో అయినా ఊళ్లో అయినా కొన్ని మాటలు పదే పదే వినబడతాయి. మాటలుగా ఉన్నంతవరకు పరవాలేదు. అవే ప్లాన్లలోకి ఎక్కుతున్నాయి, వాటి ప్రకారమే రోడ్లు పడుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నీళ్లు దిగాక తేలే నేల ఖాళీ నేల.

మా పనిలో అన్నిటికంటే కష్టమైనది ఈ నేలే. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవికి నీళ్లు అక్కడి నుంచి పదుల అడుగులు కిందికి దిగుతాయి. కొండల మధ్య పెద్ద తేడా కనబడదు కానీ, కర్నూలు వైపు చదును నేలల్లో నీరు చాలా దూరం వెనక్కి పోతుంది. ఆ ఒండ్రులో పంటలు వేస్తారు. వేసేవాళ్లలో చాలామంది ఆ భూమినే ముంపులో పోగొట్టుకున్న కుటుంబాలవాళ్లు. గొర్రెల మందలు దిగుతాయి, చేపలు పట్టేవాళ్లు గుడిసెలు వేసుకుంటారు. సంగమేశ్వరం గుడి కూడా నీళ్లు దిగాకే బయటపడుతుంది కాబట్టి భక్తులూ అప్పుడే వస్తారు.

పక్షులు నేల మీద గుడ్లు పెట్టేదీ ఆ ఎండల్లోనే. తీతువు గూడు అల్లదు. నేలలో చిన్న గుంట, చుట్టూ కాసిని గులకరాళ్లు, మధ్యలో మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు నాలుగు, మొనలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా ఆనవు. జీపు చక్రం ఎక్కినా డ్రైవర్‌కు తెలియదు. నీళ్ల మధ్య దిబ్బల మీద గుడ్లు పెట్టే టెర్న్ పిట్టలది ఇంకో కష్టం. మట్టం తగ్గి దిబ్బ ఒడ్డుకు కలిసిందంటే కుక్కలు నడుచుకుంటూ వచ్చేస్తాయి.

అందుకని ఈ నేలకు ఒకే మ్యాపు చాలదు, నెలవారీగా గీయాలి. బండ్లు ఏ దారిన దిగాలి, మంద ఏ వైపు నుంచి నీళ్లకు రావాలి, మార్చి నుంచి జూన్ దాకా ఏ దిబ్బ జోలికి పోకూడదు, ఇవన్నీ నీళ్లు దిగకముందే తేల్చుకోవాలి. దిగాక ఎవరి దారి వాళ్లు వేసేసుకుంటారు.

ఇక్కడే ఇంకో మాట. పూడికంతా ఒడ్డున దున్నేవాళ్ల వల్లే అని నిందించడం నేను చాలాసార్లు విన్నాను. శ్రీశైలం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు 215 చిల్లర. ఆ మట్టిలో ఎక్కువ భాగం ఎగువ నదులు మోసుకొచ్చిందే. ఒడ్డు దున్నకానికి హద్దులు పెట్టాల్సిందే, ముఖ్యంగా పురుగుమందుల విషయంలో. పీఏబీఆర్ నీళ్లు అనంతపురం తాగుతోంది మరి. కానీ నదుల లెక్కంతా తెచ్చి ముంపు రైతు నెత్తిన పెట్టడం అన్యాయం.

అపోహ: రిజర్వాయర్ చిత్తడి నేల కాబట్టి చట్టమే కాపాడుతుంది.

కాపాడదు. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను నిర్వచనం నుంచే తీసేశారు. ఒడ్డు అభయారణ్యంలోనో, పులుల అభయారణ్యంలోనో, అటవీ భూమిలోనో ఉంటే ఆ చట్టాలు వర్తిస్తాయి. శ్రీశైలం చుట్టూ చాలా భాగం అలాంటిదే. మిగతా చోట్ల ప్రాజెక్టు కోసం సేకరించిన భూమి జలవనరుల శాఖ చేతిలో ఉంటుంది. ఆ శాఖ తన ప్లాన్‌లో రాసుకుంటేనే అక్కడ పక్షికి చోటు. ఎవరో ఒకరు పట్టుబట్టి రాయించాలి.

అపోహ: చుట్టూ మొక్కలు నాటితే సంరక్షణ జరిగినట్టే.

ఈ మాట మంచి మనసుతో అంటారు కాబట్టే దీన్ని కాదనడం కష్టం. నల్లతుమ్మ లాంటి చెట్టు ముంపును తట్టుకుంటుంది. నీళ్లలో నిలబడ్డ తుమ్మల మీద కొంగలు గూళ్లు కడతాయి కూడా. చెరువు లోపలి అంచున అవి నాటితే నేనూ సంతోషిస్తాను. కానీ మన సీమలో ఒడ్డు భూమి చాలాచోట్ల గడ్డి మైదానం, లేదా ముళ్లపొదల మధ్య బయలు నేల. దాన్ని 'బీడు' అని రాసేసి గుంతలు తవ్వితే అక్కడ బతికే ప్రాణులకు చోటు పోతుంది.

కలివి కోడినే చూడండి. ప్రపంచంలోంచి పోయిందనుకున్న ఈ పిట్ట 1986లో మన కడప జిల్లాలోనే, సిద్ధవటం వైపు మళ్లీ కనబడింది. దానికి కావలసింది దట్టమైన అడవి కాదు. పొదలు ఉండాలి, పొదల మధ్య పరిగెత్తడానికి నేల ఉండాలి. దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పాటు చేశారు, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యానిదీ అదే పాఠం. బట్టమేక పిట్టకు కావలసింది చెట్టు నీడ కాదు, కనుచూపు మేర గడ్డి. సర్కారు కంప అలుముకున్న గడ్డి నేలలో కంప కొట్టించడమే అసలైన సంరక్షణ. ఫొటోకు మాత్రం మొక్క నాటడమంత బాగా ఉండదు.

అపోహ: వీరాపురం కొంగలు సైబీరియా నుంచి వస్తాయి.

రావు. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలు మన దేశపు పక్షులే. ఎక్కడ మేత ఉంటే అక్కడికి తిరుగుతాయి. సైబీరియా అనేసరికి ఎవరో చుట్టాలు వచ్చి పోతున్నట్టు, మనం చేయాల్సింది ఏమీ లేనట్టు అనిపిస్తుంది. నిజానికి వాటి పిల్లలు బతికేది చుట్టుపక్కల చెరువుల అంచు నీళ్లతోనే. ఈ కొంగ ముక్కు కొద్దిగా తెరిచి నీళ్లలో ముంచి, కాలితో అడుగు కెలుకుతూ, తగిలిన చేపను ఠక్కున పట్టేస్తుంది. అంటే దానికి మోకాలి లోతు మించని నీళ్లే కావాలి. అంచులను నిలువుగా తవ్వి రాతికట్టు కట్టి 'సుందరీకరణ' చేస్తే, చెరువు నిండుగా ఉన్నా కొంగకు తిండి లేనట్టే.

జనాన్ని తరిమితేనే పక్షులు బతుకుతాయనే వాళ్లకూ వీరాపురమే జవాబు. తరాలుగా ఆ కొంగలు కట్టేది ఊరి మధ్యనే, కాపాడేది ఊరివాళ్లే.

అపోహ: పూర్తి మట్టం గీత దాటి కడితే ఢోకా లేదు.

2009 అక్టోబర్‌ను కర్నూలు మరిచిపోలేదు. శ్రీశైలంలో నీళ్లు 885 దాటి 896 అడుగుల పైకి వచ్చాయి. గదులు, హోటళ్లు, కరెంటు పెట్టెలు ఏవైనా సరే వరద మట్టం చూసుకుని పైన పెట్టాలి. కింద పెట్టగలిగింది కొట్టుకుపోయినా బాధ లేని బెంచీలు, నడకదారి మాత్రమే.

అపోహ: టూరిజం అంటే బోట్లు, రిసార్టులు.

ఆదివారం పీఏబీఆర్ దగ్గరో, గండికోట దగ్గరో ఒక గంట నిలబడండి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బండ్ల మీద, ఆటోల్లో అన్నం క్యారియర్ కట్టుకుని వచ్చే కుటుంబాలు. వాళ్లు అడిగేది నీడ, మంచినీళ్లు, తలుపు గడియ పడే టాయిలెట్, పిల్లలు దిగినా టెన్షన్ లేని రేవు. ఆ చివరిదే ఎవరూ రాయరు. కట్ట కోసమో, ఇళ్ల కోసమో మట్టి తవ్విన గుంతలు ఒడ్డున ఉంటాయి. నీళ్లు నిండాక పైకి అంతా ఒకేలా కనబడుతుంది. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడికి తర్వాతి అడుగులో కాలు అందదు. గుంతలు ఎక్కడున్నాయో వేసవిలో గుర్తించి, పూడ్చి, ఈతకు ఒక్కచోటే రేవు చూపించడం ఏ బోటు కంటే ముందు జరగాలి.

అపోహ: రోజుకు ఎంతమంది పడతారో లెక్క తేలిస్తే చాలు.

ఒకే సంఖ్య పని చేయదు. దిబ్బ పక్కన డీజే పెట్టుకున్న పదిమంది, దారిలో నడిచే వెయ్యిమంది కంటే ఎక్కువ చెడగొడతారు. 1985లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు ఈ ప్రశ్ననే తిప్పి అడిగారు: ఎంతమంది అని కాదు, ఎంత మార్పు దాకా ఒప్పుకుంటాం? ఆ హద్దు ముందే రాసుకుని, అది దాటుతుంటే ఏం చేయాలో కూడా రాసుకోవాలన్నారు. అక్కడి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ కూడా తన రిజర్వాయర్ల భూమిని డ్యాం నిర్వహణకు ఇంత, జనం ఎక్కువగా వచ్చే వినోదానికి ఇంత, సున్నితమైన ప్రాంతం ఇంత అని మాస్టర్ ప్లాన్‌లో ముందే విడదీస్తుంది.

మన ప్లాన్లలో లక్ష్యం అంటే 'పర్యావరణహిత పర్యాటకాన్ని ప్రోత్సహించుట' అని ఉంటుంది. అది నెరవేరిందో లేదో ఎవరూ చెప్పలేరు. నేను పట్టుబట్టేది ఇలాంటివి: 'మార్చి నుంచి జూన్ దాకా ఫలానా దిబ్బకు వంద మీటర్లలోపు బోటు రాకూడదు.' 'సోమవారం పొద్దున రేవు దగ్గర ప్లాస్టిక్ కనబడకూడదు, బాధ్యత ఫలానా పంచాయతీది, డబ్బు పార్కింగ్ రుసుం నుంచి.' 'మందలు నీళ్లకు దిగే దారికి కంచె వేయకూడదు.' ఇలా రాస్తే గేట్లు, కాలువలు చూసుకునే లస్కర్ కూడా చూసి అవును, కాదు అని చెప్పగలడు.

ఇవి రాయడానికి ముందు మే నెలలో ఒడ్డంతా నడవాలి, లస్కర్‌తో, ఒక గొర్రెల కాపరితో, చేపలు పట్టే మనిషితో కలిసి. మీ ఊరి పక్కన రిజర్వాయర్‌కు టూరిజం ప్లాన్ వస్తోందని తెలిస్తే, గ్రామసభలో ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది గీసినవాళ్లు నీళ్లు దిగినప్పుడు ఇక్కడికి వచ్చారా?