గుండె ప్యాచ్‌లు, స్మార్ట్‌వాచ్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వాచ్‌లో ఈసీజీ నార్మల్ అని వస్తే గుండెపోటు కానట్టే.

ముందు దీని గురించే చెప్పాలి. కిందటేడు ఒకరోజు పొద్దున్నే మా పెదనాన్న ఫోన్ చేశారు. "ఛాతీ పట్టేసినట్టుందిరా, ఎడమ చెయ్యి లాగుతోంది. వాచ్ మాత్రం నార్మల్ అంటోంది. గ్యాసేమోలే" అన్నారు. గుండెకు సెన్సార్లు తయారుచేయడమే నా పని కాబట్టి ఆ 'నార్మల్'కి అర్థమేమిటో నాకు తెలుసు. వెంటనే 108కి ఫోన్ చేయించాను. రక్తనాళం పూడుకుపోయిందని తేలి, ఆ పూటే స్టెంట్ వేశారు.

వాచ్ చెప్పేది గుండె లయ గురించి. కొట్టుకోవడం సమంగా ఉందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది. రక్తనాళంలో అడ్డు ఉన్నా లయ సమంగానే ఉండొచ్చు. పైగా అది గుండెను ఒక్క కోణం నుంచే చూస్తుంది. ఆసుపత్రిలో 10 ఎలక్ట్రోడ్లు పెట్టి 12 కోణాల నుంచి చూస్తారు. అప్పుడు కూడా మొదటి ఈసీజీలో ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే కాసేపాగి మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. ఛాతీలో నొప్పిగా, బరువుగా ఉంటే దయచేసి వాచ్ చూసుకుంటూ కూర్చోవద్దు.

అపోహ: రోజంతా ప్యాచ్ అంటించుకుంటే గుండెకు కరెంటు తగులుతుంది.

ఈసీజీ ప్యాచ్ అంటే గుండె లయను రోజుల తరబడి రికార్డు చేయడానికి ఛాతీకి అంటించే బిళ్ళ. అది గుండెకు కరెంటు పంపదు, గుండె నుంచి వచ్చే సంకేతాన్ని వింటుంది, అంతే. ఛాతీ మీద ఆ సంకేతం సుమారు 1 మిల్లీవోల్టు. గోడగడియారంలో వేసే సెల్‌తో పోలిస్తే 1,500వ వంతు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం ఏ పరికరం వాడాలన్నా ముందు డాక్టరుకు చెప్పాలి.

అపోహ: ప్యాచ్‌లోని సెన్సార్ చర్మంతో పాటు వంగితే చాలు, మిగతాదంతా సులువే.

వంచడం మాకు తెలిసిన విద్యే. ఏ పదార్థాన్నైనా పలుచన చేసేకొద్దీ వంగుతుంది. మందం సగమైతే బిరుసుతనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సాగడానికి తీగను తిన్నగా కాకుండా మెలికల ముగ్గులా గీస్తాం. చర్మంతో పాటు మెలిక విచ్చుకుంటుంది, తీగ తెగదు. 2011లో అమెరికాలో శాస్త్రవేత్త జాన్ రోజర్స్ బృందం ఇలాంటి పల్చటి సర్క్యూట్‌ను పచ్చబొట్టులా చర్మానికి అంటించి చూపించింది.

అసలు కష్టం చర్మంతోనే. మనిషి చెయ్యెత్తితే ఛాతీ చర్మం సాగుతుంది. అప్పుడు పుట్టే సంకేతం ఒక్కోసారి గుండె సంకేతం కన్నా పెద్దగా ఉంటుంది. మామూలు ఎలక్ట్రోడ్ల కింద ఉండే జెల్ రోజుల తరబడి ఉంచితే ఎండిపోతుంది. మే నెల ఎండల్లో చెమటకు అంచులు లేచిపోతాయి. పోనీ జిగురు గట్టిగా వేద్దామంటే దద్దుర్లు. బొట్టుబిళ్ళ పెట్టుకునే చోట దురద, మచ్చ వచ్చినవాళ్ళకు ఈ బాధ తెలుసు. పెద్దవాళ్ళ పల్చటి చర్మం నుంచి ప్యాచ్ తీస్తుంటే పై పొర కూడా లేచొస్తుంది. నా రోజుల్లో ఎక్కువ భాగం సర్క్యూట్ మీద కాదు, ఈ జిగురు మీదే గడుస్తుంది. రెండు వారాలు అంటుకుని ఉండి, నొప్పి లేకుండా ఊడిరావాలి. అది కుదరకపోతే ఎంత గొప్ప సెన్సారైనా మూడో రోజున చెత్తబుట్టలో ఉంటుంది.

అపోహ: క్లినిక్‌లో ఈసీజీ బాగుంది, కాబట్టి గుండెదడ టెన్షన్ వల్లే.

క్లినిక్‌లో తీసేది సుమారు 10 సెకన్ల రికార్డు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు చాలామందిలో వచ్చి పోతూ ఉంటుంది. అది ఉన్నప్పుడు గుండె పై గదిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. వాచ్ ఈ జబ్బును పట్టగలదా అని చూసిన ఆపిల్ హార్ట్ స్టడీ 2019లో వెలువడింది, అందులో 4,19,297 మంది పాల్గొన్నారు. వాచ్ హెచ్చరిక వచ్చాక ప్యాచ్ వేసుకుని తిరిగి పంపిన 450 మందిలో, ప్యాచ్ ఉన్న రోజుల్లో ఆ జబ్బు పట్టుబడింది 34 శాతం మందిలోనే. మిగతావాళ్ళందరికీ వాచ్ తప్పు చెప్పిందని కాదు, అప్పటికి లయ సర్దుకుని కూడా ఉండొచ్చు.

డాక్టరు మీకు ప్యాచ్ వేస్తే, దడ అనిపించిన క్షణంలోనే దాని మీది బటన్ నొక్కండి. టైము, అప్పుడేం చేస్తున్నారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. మెట్లెక్కుతున్నారా, నిద్రలోంచి లేచారా అన్నది కూడా రాయండి. రిపోర్టు చూసేటప్పుడు డాక్టరు ముందు వెతికేది ఆ నిమిషాలనే.