గడి వెట్టి నుంచి బీడీల చాట దాకా: కులం, వర్గం, స్త్రీ

సోషలిజాన్ని ఇంటర్‌సెక్షనాలిటీ దృష్టితో, అంటే కులం, వర్గం, స్త్రీ కావడం వంటి అణచివేతలు ఒకే మనిషి మీద కలిసి పడతాయన్న దృష్టితో, తిరిగి చూడాలి అనగానే, అది అమెరికా నుంచి వచ్చిన చర్చ అని పక్కన పెట్టేవారు మనలో ఎందరో ఉన్నారు. పేరు అక్కడిదే. 1989లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లే క్రెన్‌షా పెట్టారు. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో ఉద్యోగాలు పోయిన నల్లజాతి మహిళలు వేసిన దావాలో, జాతి వివక్షనూ స్త్రీల పట్ల వివక్షనూ కలిపి ఒకే ఫిర్యాదుగా తీసుకోలేమని 1976లో కోర్టు చెప్పింది. కంపెనీ మహిళలకు ఉద్యోగాలు ఇస్తూనే ఉంది కదా అంది. ఆ ఉద్యోగాలు పొందిన మహిళలు తెల్లవారు.

ఇదే చిక్కు పాత వరంగల్ జిల్లాకు అంతకు చాలా ముందే తెలుసు. గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, వెట్టి అందరికీ ఒకటి కాదు. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ తోలు పని చేయాలి. ఎవరి చాకిరీ ఏమిటో కులమే తేల్చేది. దొర కూతురి వెంట అత్తవారింటికి ఆడబాపగా, అంటే దాసిగా, పంపిన పిల్లకైతే తన ఒంటి మీద కూడా హక్కు ఉండేది కాదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు, ఆమె సంఘం (ఆంధ్ర మహాసభ) అండతో నిలబడి పంటను దక్కించుకుంది. చాకలి ఇంటి ఆడమనిషి సొంతంగా సేద్యం చేయడాన్నే దొర సహించలేకపోయాడు. ఆమె కులం, ఆమె స్త్రీ కావడం, ఆమె భూమి, మూడూ ఆ గొడవలో ఉన్నాయి. ఆ కాలపు తెలంగాణ ఉద్యమానికి పెట్టిన 'రైతాంగ సాయుధ పోరాటం' అన్న పేరులో మాత్రం మూడోదే మిగిలింది.

1951 అక్టోబరులో పోరాటం విరమించాక, తుపాకీ పట్టిన స్త్రీలు ఎందరో తిరిగి వంటింటికే చేరవలసి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం ఆ స్త్రీల మాటలను సేకరించి పుస్తకంగా తెచ్చేసరికి 1986 వచ్చింది. అంతకాలం ఎవరూ అడగకపోవడం ఉద్యమం తీర్చుకోవలసిన బాకీ అని నేను నమ్ముతాను.

కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే రాశారు. ఆ మాట ఇక్కడి విప్లవ పార్టీలకు చాలా ఆలస్యంగా చేరింది. వరంగల్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసి, నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ వ్యవస్థాపకుల్లో ఒకరైన కె.జి. సత్యమూర్తి పార్టీలో కుల ప్రశ్న లేవనెత్తి, 1980లలో దానికి దూరమయ్యారు. 1985లో కారంచేడు దళితుల ఊచకోత తర్వాత ఆ ప్రశ్నను దాటవేయడం ఎవరి తరమూ కాలేదు. కుల, వర్గ పోరాటాలు జమిలిగా, అంటే కలిసి, సాగాలన్న విప్లవ నాయకుడు మారోజు వీరన్న 1999లో ఎన్‌కౌంటర్‌లో మరణించాడు.

ఆ జమిలిలోనూ స్త్రీ వెనకవరుసలోనే ఉండిపోయింది. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టేది ఎక్కువగా వెనుకబడిన కులాల, దళిత స్త్రీలే. ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే పొయ్యి మీద అన్నం చూసుకోవాలి, పిల్లలను చూసుకోవాలి. భర్త గల్ఫ్‌లో ఉంటే ఇంటి అప్పు కూడా ఆమే మోయాలి. వెయ్యి బీడీలకు కూలి పెంచమనడం న్యాయమైన కోరికే. దానితో పాటు పసిపిల్లలను చూసుకునే కేంద్రం, యూనియన్ నాయకత్వంలో ఆ స్త్రీలకే సగం చోటు, ఈ రెండూ డిమాండ్ల పత్రం మొదటి పేజీలోనే ఉండాలి.